ఎవలకు జెప్పకు అన్నోడు

మొన్న ఆదివారం ఆమె సంతాపసభలో పదిహేను నిమిషాలు మాట్లాడాను. అయిపోగానే చప్పట్లు కొట్టారు. సంతాపసభలో చప్పట్లేమిటని ఎవరో చెయ్యి ఊపితే ఆపేశారు. ఆమె ఉండి ఉంటే ముందువరుసలో కూర్చుని, ఒళ్ళోని చేటలో బీడీ చుడుతున్న వేళ్ళ మీంచి కళ్ళు తీయకుండా ఒక్క మాట అనేది: "మస్తు మాట్లాడినవు సారు. అసలుది జెప్పలే."

నిజమే. అసలుది చెప్పలేదు. ఆమె పళ్ళ గురించి చెప్పాను, ధైర్యం గురించి చెప్పాను, ఎండలో వానలో మాతోపాటు ఊళ్ళు తిరిగిన సంగతి చెప్పాను. నా గురించి చెప్పాల్సిన ఒకే ఒక్క సంగతి దగ్గరికి వచ్చేసరికి, గ్లాసు ఎత్తి నీళ్ళు తాగి, కూర్చున్నాను. ముప్పై ఏళ్ళుగా బాబాలనూ భూతవైద్యులనూ వేదికల మీద నిలదీసినవాణ్ణి. మైకు లేకపోయినా చివరి వరుసకు వినపడే గొంతు నాది. ఆ గొంతు ఆదివారం నాడు నన్ను చూసి సిగ్గుపడింది. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

సిద్దిపేటలో మా గల్లీలో అందరూ ఆమెను అవ్వ అనేవాళ్ళు. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను అక్కా అనేవాణ్ణి. పేరు రాయను. పేరు రాస్తే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే ఆ పని చేసినవాళ్ళు తెలుస్తారు. వాళ్ళ మనవలు ఇప్పుడు ఆ ఊరి బడిలో చదువుకుంటున్నారు. వాళ్ళ జోలికి పోవద్దని ఆమే అంది.

పొట్టి మనిషి. నడిస్తే పరుగెత్తుతున్నట్టు ఉండేది. వేళ్ళకు ఎప్పుడూ తంబాకు వాసన. పైవరుసలో ముందు నాలుగు పళ్ళు లేవు. మా హేతువాద సంఘం తరఫున కట్టుడు పళ్ళు పెట్టిస్తామని రెండుసార్లు అడిగాం. "వెట్టుకుంటె పిల్లలకు ఏం జూపియ్యాలె?" అంది రెండుసార్లూ.

చూపించేది బడుల్లో. మా ప్రదర్శనకు ఒక రేకు పెట్టె ఉంది. కోస్తే ఎర్రరసం కారే నిమ్మకాయలు, నీళ్ళు చల్లితే మండే పొడి, నాలుక మీద ఆర్పేసే కర్పూరం అందులో ఉంటాయి. అవన్నీ చేసి, వాటి వెనక గుట్టు విప్పి, నేను కార్యకారణ సంబంధం గురించి నలభై నిమిషాలు మాట్లాడేవాణ్ణి. పిల్లలు ఆవలించేవాళ్ళు. అప్పుడు అక్క లేచి వచ్చి పిల్లల ముందు నిలబడి నోరు తెరిచేది. ఆవలింతలు ఆగిపోయేవి.

ఆమె సంగతి ఆమె నోటితోనే వినాలి. ప్రతి బడిలో ఇదే మాట, ఒక్క ముక్క అటు ఇటు కాకుండా చెప్పేది:

"మా పక్కింటి పోరికి జరమొచ్చింది. పది దినాలాయె, తగ్గలే. మంత్రగాడు వచ్చిండు. పోరి తల్లిని లోపటి అర్రల కూసోవెట్టి తలుపేసిండు. గడప దాటకు అన్నడు. ఎవలకు జెప్పకు, జెప్తె పోరి సస్తది అన్నడు. ఒంటి మీది బంగారం గుడ్డల గట్టి ముంగట వెట్టుమన్నడు, రేపు పొద్దుగాల తిరిగిస్త అన్నడు. తెల్లారెటాలకు బంగారం లేదు. గదేందని అడిగితె మా ఇంటి దిక్కు ఏలు సూపిండు. గామె బాణామతి జేసింది, గామెనే మాయం జేసింది అన్నడు. పది మంది మొగోళ్ళు వచ్చిన్రు. పండ్లు లేకుంటె మంత్రం సదవరాదట. పట్టుకారుతోని పీకిన్రు. పోరికొచ్చింది టైఫాయిడు."

ఏడ్చేది కాదు. కొంగుతో మూతి తుడుచుకుని, చివర ఇంకో మాట కలిపేది. "పోరి తల్లి వాకిట్లకొచ్చి ఒక్క మనిషికి జెప్తె నా పండ్లు నాకుండు. ఇగ మీరు జెప్పుండ్రి. ఎవలకు జెప్పకు అన్నోడు ఎవడు?"

"దొంగ" అని పిల్లలు అరిచేవాళ్ళు.

"గట్లంటె మనమేం జేయాలె?"

"వాకిట్లకు ఉరకాలె."

నా నలభై నిమిషాల్లో ఒక్క వాక్యం ఏ పిల్లకైనా గుర్తుందో లేదో తెలియదు. ఆమె మాట గుర్తున్నవాళ్ళు ఈ ఊళ్ళో వందలమంది ఉన్నారు. కొందరు ఇప్పుడు పిల్లల తల్లులు.

ఆమెను మొదట చూసింది మా సభలోనే. అప్పటికి ఊరు విడిచి వచ్చి ఇక్కడ బీడీలు చుట్టుకుని బతుకుతోంది. నేను బాణామతి గురించి మాట్లాడుతున్నాను. అదొక సామూహిక మనోరుగ్మత అనీ, అక్షరజ్ఞానం వస్తే దానంతటదే పోతుందనీ వాదిస్తున్నాను. వెనక నుంచి ఒక గొంతు, పళ్ళ సందులోంచి గాలి పోతూ వినిపించింది: "సారు, గది రోగం గాదు. దొంగతనం. రోగమైతె బంగారమెట్ల పోయింది?" జనం నవ్వారు. నేను కొంచెం చిన్నబుచ్చుకుని, చదువు లేకపోవడమే దీనికి మూలమన్నాను. ఆమె ఊరుకోలేదు. "సదువున్నోనికి భయముండదా సారు?" అంది. నేను వేరే ప్రశ్న తీసుకున్నాను.

ఆ సూత్రాన్ని ఆమె సొంత బతుకులో పాటించే తీరు చూస్తే నవ్వొచ్చేది, భయమూ వేసేది. ఒకసారి రేషన్ డీలరు, "అవ్వా, ఎవరికీ చెప్పకు, నీకు రెండు కిలోలు ఎక్కువ జోకుతా" అన్నాడట. ఆమె వెనక్కి తిరిగి లైను మొత్తానికీ వినపడేలా, "ఓ అక్కలారా, ఈయన మనందరికి రెండేసి కిలోలు ఎక్కువిస్తడట" అంది. ఆ రోజు డీలరు ముఖం మాడ్చుకుని దుకాణం మూసుకున్నాడు. నాకు షుగరు వచ్చిందని తెలిసిన రోజు పొరపాటున ఆమెతో, "అక్కా, ఎవరికీ చెప్పకు" అన్నాను. సాయంత్రానికి మా గేటు ముందు ఐదు ఇళ్ళ కాకరకాయలు ఉన్నాయి.

ఇక అసలుది.

నిరుడు చలికాలంలో ఒక పొద్దున పదిన్నరకు ఫోన్ వచ్చింది. మా ఆవిడ బడికి వెళ్ళింది. ఆమెకు ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉంది. ఇంట్లో నేనొక్కణ్ణే. ముందు యంత్రం గొంతు: ఆదాయపు పన్ను శాఖ నుంచి మాట్లాడుతున్నాం, మీ పాన్ నంబరు మీద కేసు నమోదైంది, అధికారితో మాట్లాడాలంటే తొమ్మిది నొక్కండి. నొక్కాను.

ఎందుకు నొక్కానో చెప్పాలి. మా సంఘాన్ని రిజిస్టరు చేయించలేదు. ఆఫీసుల చుట్టూ ఎవరు తిరుగుతారని బద్ధకించాం. ఇరవై ఏళ్ళుగా చందాలన్నీ నా సొంత ఖాతాలో పడుతున్నాయి. ప్రతి రూపాయికీ నోటుపుస్తకంలో రాత ఉంది, ఒక్క పైసా ముట్టలేదు. కానీ నేను దాఖలు చేసే పన్ను కాగితాల్లో ఆ డబ్బు సంగతి ఎన్నడూ రాయలేదు. రాయాలేమోనని అనుమానం ఉండేది. ఎవరినైనా అడిగితే తేలేది. అడగలేదు. దేవుడు లేడని నడిబజారులో చెప్పగలిగినవాణ్ణి, ఈ ఒక్క అనుమానాన్ని బయటికి తీయలేక లోపల దాచుకున్నాను. ఏదో ఒకరోజు వచ్చే మంత్రగాడి కోసం చాప పరిచి పెట్టుకున్నట్టు.

వాడు వచ్చాడు. హిందీ, ఇంగ్లీషు కలిపిన గొంతు, మర్యాదగా ఉంది. నా పాన్ నంబరు అక్షరం తప్పు లేకుండా చదివాడు. పుట్టిన తేదీ చెప్పాడు. "మీ ఖాతాలో లెక్క చూపని జమలు ఉన్నాయి" అన్నాడు. నేను నోటుపుస్తకం ఉన్న అలమార వైపు చూశాను.

ఇప్పుడు ఆలోచిస్తే ఒళ్ళు మండుతుంది. వాడికి మా సంఘం సంగతి తెలుసా? తెలియదు. అదే మాట ఆ పొద్దున ఎంతమందికి చెప్పి ఉంటాడో. "మీ ఇంట్లో ఒక దోషం ఉంది" అని సోదె చెప్పే మనిషి గడపలో నిలబడి అంటే, లేదని గట్టిగా అనగల ఇల్లు ఏ ఊళ్ళో ఉంది? గాలిలోకి విసిరిన మాటను మనమే మన లోపలి పుండుకు తగిలించుకుంటాం. ఈ కిటుకును ఎన్ని వేదికల మీద విప్పి చూపించానో నాకే గుర్తులేదు. ఆ పొద్దున నేను సోదె వింటున్న ఇల్లాలిలా చేతులు కట్టుకుని కూర్చున్నాను.

తర్వాత వీడియో. ఖాకీ చొక్కా, వెనక జెండా. వాట్సాప్‌లో మూడు సింహాల ముద్ర ఉన్న కాగితం. గది తలుపు వేయమన్నాడు. కెమెరా ఆపొద్దన్నాడు. విచారణ రహస్యం కాబట్టి ఎవరికీ చెప్పొద్దని, చెబితే అదొక నేరమని, ఇంట్లోవాళ్ళనూ అరెస్టు చేయాల్సి వస్తుందని అన్నాడు. డబ్బు "పరిశీలన" కోసం తాను చెప్పిన ఖాతాకు పంపాలి, ఇరవైనాలుగు గంటల్లో తిరిగి వస్తుంది.

గడప దాటకు. ఎవలకు జెప్పకు. ముంగట వెట్టు. రేపు తిరిగిస్త. అక్క ప్రతి బడిలో చెప్పిన మాటలే, అదే వరుసలో. పక్కన నిలబడి ఏళ్ళ తరబడి విన్నాను. ఒక్కటి కూడా తలకు తట్టలేదు. తలుపు వేశాను. గడియ పెట్టాను. ఎవడూ అడగకుండానే కిటికీ కర్టెను కూడా లాగాను.

ఖాతాలో ఉన్న సంఘం డబ్బు మొదట పంపాను. తర్వాత మా ఇద్దరి పేరున ఉన్న డిపాజిట్ రద్దు చేయమన్నాడు. మా ఆవిడ జీతంలోంచి, నా పింఛనులోంచి కూడబెట్టింది అది. మాకు వేరే ఏమీ లేదు. దాన్ని రద్దు చేయడానికి ఫోన్ మీద వేలు పెట్టి ఉండగా గేటు చప్పుడైంది.

"సారూ. పెట్టె కోసమొచ్చిన."

మర్నాడు చిన్నకోడూరు బడిలో ప్రదర్శన. రేకు పెట్టె మా ఇంట్లో ఉంటుంది. తెర మీది ఖాకీ మనిషి పెదాల మీద వేలు పెట్టాడు. నేను కిటికీ దగ్గరికి పోయి, కర్టెను కొంచెం జరిపి మెల్లగా, "అక్కా, పని మీదున్న. సాయంత్రం రా" అన్నాను.

ఆమె కిటికీకి దగ్గరగా వచ్చింది.

"నువ్వు గింత మెల్లగ మాట్లాడుడు నేనెన్నడు ఇనలే సారు. పానం బాగలేదా?"

"బాగనే ఉన్న."

"ఎవలున్నరు లోపట?"

"ఎవరు లేరు."

"ఎవలు లేకుంటె ఎవలకు ఇనవడొద్దని గుసగుస?"

ఆమె కిటికీ చువ్వకు ముఖం ఆనించి, ఇంకా మెల్లగా అడిగింది. "ఎవలకు జెప్పకు అన్నడా?"

నేను చేతిలోని ఫోన్ వైపు చూశాను. అది ఆమెకు చాలింది. మెట్లు దిగి గల్లీలోకి పోయి, ఒక పెళ్ళి పిలుపు పిలిచినంత గట్టిగా పిలిచింది. "రాండ్రి, అందరు రాండ్రి. సారును ఎవడో లోపట కూసోవెట్టిండు."

తలుపు తీశాను. తెలివి వచ్చి తీయలేదు. పరువు పోతోంది, ఆమె నోరు మూయించాలని తీశాను. ఆమె నా చేతిలోంచి ఫోన్ లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"ఎవలు బిడ్డా నువ్వు? ఏ ఊరు?"

వాడు హిందీలో గద్దించాడు.

"కోపమెందుకు బిడ్డా. సారును పట్టుకపోతె నన్ను గూడ పట్టుకపో, ఇంట్ల వండుకునే బాధ తప్పుతది. ఇగో, తొవ్వ తెల్వాలె గద, మా గల్లీ సూడు" అని ఫోన్‌ను రోడ్డు వైపు తిప్పి పట్టుకుంది. ఇస్త్రీ బండి ఆయన, పక్కింటి కోడలు, ఆమె చంకలో పిల్ల, పాల క్యానుతో నిలబడిపోయిన మనిషి. ఖాకీ చొక్కాకు ఒక్కసారి ఇన్ని ముఖాలు కనపడ్డాయి. ఫోన్ కట్టయింది.

"మంత్రగాడు నలుగుట్ల, మంది ముంగట నిలవడడు" అంటూ ఫోన్ నా చేతిలో పెట్టింది.

"ఏమైంది సార్, ఏంది లొల్లి?" అన్నాడు ఇస్త్రీ ఆయన.

అక్క నా వైపు చూసింది. ఆ చూపు నాకు బాగా గుర్తు. బడిలో పిల్లల్ని ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగినప్పటి చూపు. నేను అన్నాను: "బ్యాంకు వాళ్ళ ఫోను. ఏం లేదు."

వాళ్ళు వెళ్ళిపోయారు.

"ఠాణకు పోదాం పా" అంది అక్క. పోతే ఫలితం ఉండేది. పోయిన డబ్బు గురించి మొదటి గంటల్లోనే ఫిర్యాదు చేస్తే దారిలో ఆపే వీలుంటుంది. అది నాకు తెలుసు. పోలేదు. "రేపు పేపర్ల వస్తది అక్కా. చందాలు తిన్నడని, మనం నిలదీసిన బాబాల ఆశ్రమపోళ్ళు కరపత్రం కొడ్తరు" అన్నాను.

"తిన్నవా?"

"లేదు."

"మరి?"

నెలాఖరు మీటింగులో అందరికీ చెప్తానని మాట ఇచ్చాను. నువ్వే చెప్పెయ్యరాదా, షుగరు సంగతి ఊరంతా చాటావు కదా అని విసుక్కున్నాను కూడా. ఆమె రేకు పెట్టె నెత్తిన ఎత్తుకుంటూ అంది: "షుగరు నీకొచ్చిన రోగం. గది ఎవలు జెప్పినా ఒకటే. భయం అట్ల గాదు సారు. భయపడ్డోడే జెప్పాలె. ఇంకోడు జెప్తె చాడీ అయితది. నా పండ్ల ముచ్చట నేను గాక ఇంకెవలన్న జెప్తె నేను ఊకున్ననా?"

ఊరుకోలేదు. ఒకసారి మా సంఘంలో కుర్రవాడొకడు ఆమె కథను తానే చెప్పబోతే, వేదిక మీదికి వచ్చి మైకు లాక్కుంది.

నెలాఖరు మీటింగు వచ్చింది. నేను చెప్పలేదు. పింఛనులోంచి రెండు నెలల్లో సంఘం డబ్బు నింపేశాను. నోటుపుస్తకం మచ్చ లేకుండా ఉంది. మా ఆవిడకూ చెప్పలేదు. ఇక చెప్పాల్సిన అవసరమేముందని నాకు నేను వాదించి, నన్ను నేను గెలిపించుకున్నాను. వాదనలో నాకు అనుభవం ఉంది కదా.

మూడు నెలలు గడిచాయి. మా సంఘంలో ఒక సభ్యుడున్నాడు. పద్మశాలి ఇంటివాడు, భివండిలో ముప్పై ఏళ్ళు పవర్‌లూమ్ నడిపి తిరిగి వచ్చి, ఇక్కడ చిన్న ఇల్లు మొదలుపెట్టాడు. ఏ మీటింగూ తప్పడు. చివరి వరుసలో కూర్చుని అన్నిటికీ తల ఊపుతాడు. అతనికి అదే ఫోన్ వచ్చింది. మీ పాన్ మీద ముంబైలో ఒక కంపెనీ నడుస్తోంది, పన్ను ఎగ్గొట్టింది అన్నారు. నవ్వి పెట్టేయాల్సిన మాట. అతను నవ్వలేదు. ఎందుకంటే భివండిలో ఒక సేటు కార్మికులందరి దగ్గరా పాన్ కార్డుల నకళ్ళు తీసుకుని, తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నాడు. ఏళ్ళుగా ఆ సంతకం అతని లోపల ముల్లులా ఉంది. వాడు విసిరిన మాట సరిగ్గా పోయి ఆ ముల్లుకు తగిలింది.

ఒకటిన్నర రోజు తలుపు వేసుకుని కూర్చున్నాడు. భార్యకు కడుపునొప్పని చెప్పాడు. స్లాబు కోసం దాచిందంతా పంపేశాడు. ఆ ఇల్లు ఇప్పటికీ అట్లాగే ఉంది. గోడలు లేచి, పైన ఇనుప చువ్వలు ఆకాశంలోకి నిలబడి తుప్పు పడుతున్నాయి. కూరగాయల మార్కెట్టుకు పోయే దారి అటే. నేను ఇప్పుడు చుట్టుదారిన పోతున్నాను.

అతను వచ్చి మా ఇంట్లో కూర్చుని చెప్పాడు. "మీటింగ్‌కు వచ్చేటోన్ని గద సార్, నాకే సిగ్గయితుంది. మీరైతె ఒక్క నిమిషంల పట్టేటోళ్ళు" అన్నాడు. ఆ మాటకు కూడా నేను నోరు తెరవలేదు. టీ తాగించి పంపాను.

అతని సంగతి విని మర్నాడు అక్క వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"వాడు నీకు ఫోన్ జేసి ఎన్నాళ్ళాయె?"

"మూడు నెలలు."

"ఫోన్ పెట్టేసి గూడ మూడు నెల్లాయె. ఎవలకు జెప్పకు అన్నడు. నువ్వు ఇంకా జెప్తలేవు. వాడు నిన్ను ఎన్నడో మర్శిపోయిండు సారు. నువ్వే ఇంకా వాని మాట ఇంటున్నవు."

నా జీవితంలో నామీద జరిగిన ఏ వాదమూ ఇంత చిన్నది కాదు, ఇంత తిరుగులేనిదీ కాదు. నన్ను ఓడించడానికి శాస్త్రులు పుస్తకాలు మోసుకొచ్చారు. ఆమె చేట చంకన పెట్టుకుని వచ్చింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మోసపోయినవాణ్ణి చూసి "ఆశపడితే అంతే" అనే పెద్దమనుషులు ఊరి నిండా ఉన్నారు. ఏ ఆశ? ఆ నేతమనిషి లాటరీ అడిగాడా, వడ్డీ అడిగాడా? సర్కారుకు తప్పు చేశానేమోనని భయపడ్డాడు. తప్పుకు భయపడేవాణ్ణే వీళ్ళు ఏరుకుంటారు. నిజంగా పన్ను ఎగ్గొట్టేవాడికి ఆడిటరు ఉంటాడు, వకీలు ఉంటాడు, ఫోన్ ఎత్తడానికి వేరే మనిషి ఉంటాడు. నిజాయితీపరుడికి ఉన్నది ఒక గది, ఒక గడియ, పరువు. ఆ పరువుతోనే వాడి మెడకు ఉరి పేనుతారు. దొంగ మీద నాకు కోపం ఉంది. బాధితుణ్ణి చూసి నవ్వే ఊరి మీద అంతకంటే ఎక్కువ ఉంది. ఆ నవ్వు లేకపోతే "ఎవరికీ చెప్పకు" అనే మాటకు బలం ఎక్కడిది? నవ్వే ఊరు దొంగకు జీతం లేని పాలేరు.

జాగ్రత్తలు అందరికీ తెలిసినవే. పన్ను శాఖ ఫోన్ చేసి డబ్బు పంపమనదు. వీడియోలో అరెస్టు చేయడమనేది మన ఏ చట్టంలోనూ లేదు. నిజంగా నోటీసు వస్తే అది నిజమో కాదో పన్ను వెబ్‌సైటులో చూసుకోవచ్చు, తెలియకపోతే ఆడిటరును అడగవచ్చు. ఫోన్ పెట్టేస్తే ఎవడూ ఇంటికి రాడు. ఇవన్నీ నాకు ఆ పొద్దునకు ముందే తెలుసు. తెలిసి కూడా గడియ పెట్టాను. భయం పట్టినప్పుడు తెలిసినవన్నీ గది బయటే ఉండిపోతాయి. అప్పుడు పనికొచ్చేది కాళ్ళు మాత్రమే. లేచి వాకిట్లోకి రావాలి. ఎదురుగా ఎవరుంటే వాళ్ళకు చెప్పాలి. అంతే.

ఆ తర్వాత జరిగిన ప్రతి మీటింగుకూ అక్క వచ్చి ముందు కూర్చునేది. నేను లేచినప్పుడల్లా వేళ్ళు ఆపి చూసేది. నేను వేరే విషయం ఎత్తుకోగానే మళ్ళీ ఆకు కత్తిరించుకునేది. ఒక్కసారీ తిట్టలేదు. తిడితే బాగుండేది.

గత నెల ఊపిరితిత్తులు మొరాయించి పెద్దదవాఖానలో చేర్చారు. బీడీల దుమ్ము ఎన్నేళ్ళు మింగిందో. నేను వెళ్ళేసరికి ముఖానికి ఆక్సిజన్ మాస్కు. నన్ను చూసి దాన్ని పక్కకు లాగింది. ఎట్లా ఉన్నావంటే చెప్పలేదు.

"జెప్పినవా?"

"వచ్చే మీటింగ్‌ల చెప్త అక్కా."

మాస్కు మళ్ళీ పెట్టుకుని గోడ వైపు తిరిగింది. ఆ "జెప్పినవా"యే నాకు దక్కిన ఆఖరి మాట.

వచ్చే మీటింగు ఆమె సంతాపసభ అయింది. అక్కడ నేనేం చేశానో చూడండి. ఆమె పళ్ళ సంగతి, ఆమె తప్ప ఎవరూ చెప్పకూడదన్న సంగతి, నా పెద్దగొంతుతో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. నాది నేను మింగాను. మైకు లాక్కోవడానికి ఆమె లేదు.

ఆ రాత్రే ఇంట్లో చెప్పాను. మా ఆవిడ ఏమన్నదో రాయను. అది ఆమె చెప్పాల్సిన సంగతి. మర్నాడు ఆడిటరు దగ్గరికి పోయాను. ఇరవై ఏళ్ళు నేను దాచిన అనుమానం ఆయన అరగంటలో తేల్చాడు. ఆ నేతమనిషి ఇంటికి పోయి చువ్వల కింద నిలబడి చెప్పాను. అతను "ముందు జెప్పకపోతిరి సార్" అన్నాడు. అంతే అన్నాడు. అది నేను మోయాలి.

నిన్న పొద్దున మా గల్లీ మొగదలలోని చాయ్ హోటలుకు పోయాను. నలుగురున్నారు. హోటలాయన, పేపరు చదివే ఇద్దరు, మూల బల్ల దగ్గర హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని ఒక నడివయసు మనిషి. నిలబడే చెప్పాను. ఫోన్, ఖాకీ చొక్కా, గడియ, కర్టెను, అన్నీ.

నేను ఏడాదిపాటు భయపడ్డ నవ్వు రానే వచ్చింది. "దేవుడు లేడంటవు గద సార్," అన్నాడు హోటలాయన చాయ్ వడపోస్తూ, "ఫోన్‌ల పోలీసున్నడని ఎట్ల నమ్మినవు?" పేపరు చదివే ఇద్దరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ప్రశ్న బాగుంది.

మూల బల్ల మనిషి నవ్వలేదు.

"ఎంతసేపు కూసోవెట్టిండు సార్ నిన్ను?" అన్నాడు.

ఎంత పోయిందని అందరూ అడుగుతారు. ఎంతసేపు కూర్చోబెట్టాడని అడిగేది కూర్చున్నవాడే.

"రెండు గంటలు" అన్నాను. "నిన్ను?"

అతను హోటలాయన వైపు చూశాడు, పేపరు వాళ్ళ వైపు చూశాడు. హెల్మెట్ కింద పెట్టాడు.

"నన్ను ఇంకా ఇడ్సిపెట్టలే సార్. పది గంటలకు మళ్ళ జేస్త, ఒక్కనివే ఉండు అన్నడు."

గోడ గడియారంలో పది కావడానికి ఇంకా కొంచెం టైముంది. హోటలాయన నవ్వు ఆపేశాడు.

"ఫోన్ ఇట్ల బల్ల మీద వెట్టు" అన్నాను.

పెట్టాడు. హోటలాయన పొయ్యి తగ్గించి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. పేపరు మడిచి వాళ్ళిద్దరూ కుర్చీలు లాక్కున్నారు. ఐదుగురం దాని చుట్టూ కూర్చున్నాం, అది మోగేదాకా.